నీలిపంటి రాజుగారి దర్బారు

నాది గొంతెమ్మ కోరికేమీ కాదు. ల్యాప్‌టాప్‌లో ఆఫీసు మీటింగు నడుస్తుంటుంది. ఫోన్లో బ్యాంకువాళ్లు నన్ను లైన్లో నిలబెట్టి, నడుమ నడుమ సంగీతం వాయిస్తూ, నా కాల్ తమకెంత ముఖ్యమో చెబుతుంటారు. (చెయ్యి సంగతి ఎప్పుడూ ఎత్తరు.) హాల్లో టీవీలో మ్యాచి ఆఖరి ఓవర్లలో పడి ఉంటుంది. ఈ మూడూ నా నెత్తి మీదున్న ఒక్క హెడ్‌ఫోన్‌లో ఒకేసారి వినపడాలి. అంతే. ఇంద్రుడి తోటలో పారిజాతం పెరికి తెమ్మని ఎవర్నీ అడగలేదు.

మూడూ ఒకేసారి విని ఏం ఊడబొడుస్తావని అడిగేవాళ్లుంటారు. గంటన్నర మీటింగులో నా పేరు వచ్చేది ఒక్కసారి. బ్యాంకు లైన్లో మనిషి గొంతు వచ్చేదీ ఒక్కసారే. అది "చెప్పండి" అని రెండు క్షణాలు చూసి, నేను పలక్కపోతే పెట్టేసి పోతుంది. మ్యాచిలో వికెట్టు పడేది ఎప్పుడో. మూడింట్లోనూ సరుకు తక్కువ, ఎదురుచూపు ఎక్కువ. ఇలాంటి వాటికి మనవాళ్లు ఏనాడో ఒక పద్ధతి పెట్టుకున్నారు. "అటు ఓ చెవి వేసి ఉంచు" అంటారు. మా అమ్మ వంటింట్లో కూర్చుని పొయ్యి మీది పాల మీద ఓ చెవి, వీధిలో కూరలమ్మి కేక మీద ఓ చెవి, రేడియో నాటకం మీద ఓ చెవి, ముందుగదిలో నేను చదువుతున్నానా నటిస్తున్నానా అన్నదాని మీద ఓ చెవి వేసి ఉంచేది. మొత్తం నాలుగు. ఆవిడకున్నవి రెండే. ఆ రెంటికీ ఛార్జింగు పెట్టిందీ లేదు, పెయిరింగు చేసిందీ లేదు. నేను పద్దెనిమిది వేలు పోసి కొన్న వస్తువుకి అందులో సగం విద్య కూడా రాదు.

కొన్న కథ కూడా చెప్పాలి. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో కంప్యూటర్ల కొట్లన్నీ ఒకేచోట పోగుపడిన సీటీసీకి వెళ్లాను. కౌంటర్లో కుర్రాడు నా బాధంతా విని, "మల్టీపాయింట్ ఉంది సార్. ఒకేసారి రెండు డివైజులకి కనెక్ట్ అవుద్ది" అన్నాడు.

"కనెక్ట్ అవుద్ది సరే బాబూ, రెండూ వినపడతాయా?"

"కనెక్ట్ అవుద్ది సార్" అన్నాడు మళ్లీ, ఈసారి ఇంకొంచెం గట్టిగా.

ఆ గట్టిదనంలోనే నాకు అర్థం కావలసింది. కాలేదు. ఇంటికొచ్చాక అయింది. మల్టీపాయింటంటే ఇద్దర్ని భోజనానికి పిలిచి ఒకే విస్తరి వెయ్యడం. ల్యాప్‌టాప్ మాట్లాడుతుంటే ఫోను చేతులు కట్టుకుని నిలబడాలి. ఫోను పాట వినాలంటే ముందు ల్యాప్‌టాప్ నోరు నొక్కాలి. ఎవరికైనా కాల్ వస్తే మిగతా వాళ్లందరూ విస్తరి ముందు నుంచి లేచిపోవాలి. మా నియోజకవర్గం ఎమ్మెల్యేగారితో నాకున్న సంబంధం కూడా సరిగ్గా ఇలాంటిదే. కనెక్షను ఉంది. వినపడదు.

ఒక సోమవారం మా మేనేజరు, "ఈ క్వార్టర్లో ప్రమోషను ఎవరికంటే..." అని ఊపిరి తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఫోన్లో ట్రింగుమంది. హెడ్‌ఫోను ఠక్కున ల్యాప్‌టాప్‌ని వదిలేసి అటు ఉరికింది. మా అపార్టుమెంటు గ్రూపులో నీళ్ల ట్యాంకరు వచ్చిందన్న శుభవార్త. అది చెవిన వేసుకుని తీరిగ్గా మీటింగులోకి తిరిగొచ్చేసరికి అందరూ ఎవరికో చప్పట్లు కొడుతున్నారు. నేనూ కొట్టాను. నాకు నేనే కొట్టుకున్నానేమో అన్న ఆశ జీతం పడేదాకా ఉంది.

మైకు తెరిస్తే ఇంకో వేషం. బ్లూటూత్‌లో ఉత్తినే వినడానికి ఒక దారి, మాట్లాడుతూ వినడానికి ఇంకో దారి. మొదటిది రహదారి, రెండోది డొంకదారి. సీడీలో శబ్దాన్ని సెకనుకి 44,100 సార్లు కొలిచి రాసుకుంటారు. మైకు తెరిచిన మరుక్షణం ఈ లెక్క 16,000కో 8,000కో దిగిపోతుంది, రెండు చెవులకీ వేరువేరుగా రావలసింది ఒకటే ముద్దగా వస్తుంది. అప్పటిదాకా ఇళయరాజా వయొలిన్లు పందిరి వేసిన చోట, ట్రంకుకాల్లో ఎవరో బావి అడుగు నుంచి పాడుతున్నట్టుంటుంది. కొత్తగా వస్తున్న ఎల్‌ఈ ఆడియోలో ఈ రోగానికి మందుందంటున్నారు. మందు వాడాలంటే ఫోనూ కొత్తదవ్వాలి, హెడ్‌ఫోనూ కొత్తదవ్వాలి, ల్యాప్‌టాపూ కొత్తదవ్వాలి. రోగిని మార్చేస్తే రోగం పోతుందన్నమాట.

ఈ బ్లూటూత్ సంస్థానానికి పేరెక్కడిదో తెలుసా? పదో శతాబ్దంలో డెన్మార్కుని ఏలిన హరాల్డ్ అనే రాజుది. ఆయనకి నీలిపన్ను అనే బిరుదు ఉండేది. చీలికలు పేలికలుగా ఉన్న డేన్‌లను కలిపి, నార్వేని కూడా గెలిచానని యెల్లింగ్ అనే ఊళ్లో శిలాశాసనం వేయించుకున్నాడు. వెయ్యేళ్ల తర్వాత, 1990లలో, ఫోన్లనీ కంప్యూటర్లనీ తీగ లేకుండా కలపాలని కంపెనీలు కూడబలుక్కున్నప్పుడు, ఇంటెల్‌లో పనిచేసే జిమ్ కార్డాక్ ఆ రాజు పేరు తాత్కాలికంగా పెట్టుకుందామన్నాడు. తాత్కాలిక ఉద్యోగి పర్మినెంటు అయినట్టు ఆ పేరే నిలిచిపోయింది. ఆ నీలి గుర్తు కూడా రాజుగారి పేరులోని రెండు రూనిక్ అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నదే. కలపడం, ఏకం చెయ్యడం, సామ్రాజ్యం. అంతా బాగుంది. రాజుగారి ఆఖరి రోజుల సంగతే ఎవరూ చెప్పరు. సొంత కొడుకు స్వెయిన్ తిరగబడి గద్దె లాక్కున్నాడు. నా ట్యాబు నా హెడ్‌ఫోన్ని నా ఫోను దగ్గర్నుంచి లాక్కుంటున్న ప్రతిసారీ, పేరు పెట్టినవాడి చరిత్ర జ్ఞానానికి దండం పెట్టుకుంటాను.

దర్బారుకి సామర్థ్యం లేక కాదు. క్లాసిక్ బ్లూటూత్ గాలిలోని తన దారిని సెకనుకి 1,600 సార్లు మార్చగలదు, 79 దారుల మధ్య కుందేలులా గెంతగలదు. ఒక్కో కూటమిలో ఒక పెద్ద కింద ఏడుగురు చురుగ్గా కొలువు చెయ్యొచ్చని దాని పుస్తకంలోనే ఉంది. మరి శబ్దాలు కలపడానికి ఏం కావాలి? కూడిక. రెండంకెలు తీసుకుని కూడడం, మొత్తం పాత్ర పొంగిపోకుండా చూసుకోవడం. రెండు పరికరాల గడియారాలూ ఒక్కలా నడవవు కాబట్టి కొంచెం సర్దుబాటు కావాలి, నేనూ ఒప్పుకుంటాను. ఆ సర్దుబాటు చేతనైన వాళ్లు కూడా ఉన్నారు. కొన్ని గేమింగు హెడ్‌సెట్లలో ఆటలో పేలే తుపాకులు ఒక దారిన, ఫోన్లో స్నేహితుడి గొంతు బ్లూటూత్ దారిన వచ్చి హాయిగా కలిసిపోతాయి. మా పక్కింటి పదో తరగతి పిల్లాడికి బాంబులూ బాతాఖానీ కలిపి వినే హక్కుంది. ఇంటి లోను కడుతున్నవాడికి బ్యాంకూ మీటింగూ కలిపి వినే హక్కు లేదు.

ఎందుకు లేదు? దీని వెనక పెద్ద వేదాంతమేమీ లేదు. ఈ వ్యాపారం మొదట్నుంచీ ఒకే దిక్కుకి నడిచింది. 1979లో సోనీ మొదటి వాక్‌మన్ వచ్చినప్పుడు దానికి హెడ్‌ఫోన్ల కోసం రెండు కన్నాలు పెట్టారు, ఒకే పాట ఇద్దరు వినడానికి. ఆ ఇద్దరూ పాట మీదుగా మాట్లాడుకోవడానికి నారింజ రంగులో ఒక బొత్తాం కూడా పెట్టారు, పాపం, అప్పటివాళ్లు మర్యాదస్తులు. ఇప్పుడు ఆరాకాస్ట్ అని 2022 నుంచి ఊదరగొడుతున్నారు. ఎయిర్‌పోర్టులో ఒక ప్రకటన చేస్తే అక్కడున్న చెవులన్నిటికీ నేరుగా చేరుతుందట, లెక్కకి పరిమితే లేదట. ఒక గొంతు నుంచి ఇన్ని చెవులకా అని నోరు తెరిచాను. తర్వాత గుర్తొచ్చింది, మా ఊళ్లో ఎన్నికలప్పుడు ఆటోకి మైకు కట్టి ఇదే పని ఏనాటి నుంచో చేస్తున్నారు.

ఒక నోరు, వెయ్యి చెవులు: ఇది వ్యాపారం. మూడు నోళ్లు, ఒక జత చెవులు: ఇది సంసారం. సంసారులకి సరుకు తయారుచేసే ఉద్దేశం ఎవరికీ లేదు. ఒక పాట నలుగురికి పంచితే నాలుగు హెడ్‌ఫోన్లు అమ్ముడుపోతాయి. నాలుగు పాటలు ఒకరికి చేరిస్తే మూడు అమ్మకాలు పోతాయి. వీళ్ల దృష్టిలో ఆదర్శ వినియోగదారుడు రావణాసురుడు. పది తలలు, పది జతలు, పది వారంటీలు. కుంభకర్ణుడికి మాత్రం నాయిస్ క్యాన్సిలేషను ఉన్నది అమ్ముతారు.

"తీగలున్న హెడ్‌ఫోను కొనుక్కోవచ్చుగా" అన్నాడు మా బావమరిది. కొనుక్కోవచ్చు, దూర్చడానికి కన్నమేది? పందొమ్మిదో శతాబ్దంలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీ ఆపరేటర్లు తీగలు గుచ్చి తీసిన ఆ పావు అంగుళం ప్లగ్గు, చిక్కి 3.5 మిల్లీమీటర్లయి, ట్రాన్సిస్టరు రేడియోలోంచి వాక్‌మన్‌లోకి, వాక్‌మన్‌లోంచి ఫోన్లోకి వారసత్వంగా వచ్చింది. ఏ దేశంలో ఏ కంపెనీది కొన్నా ఏ కన్నంలోనైనా దూరేది. 2016 సెప్టెంబరు 7న యాపిల్ ఐఫోన్ 7 తెచ్చి ఆ కన్నం పూడ్చేసింది. ఎందుకు పూడ్చారంటే దానికి జవాబు ఒక్క మాటలో ఉందని ఫిల్ షిల్లర్ వేదికెక్కి చెప్పాడు: ధైర్యం. అల్లూరి సీతారామరాజు పోలీసు స్టేషన్ల మీద పడ్డప్పుడు వాడాల్సిన మాటది. అదే ఏడాది డిసెంబరుకల్లా తీగల్లేని ఎయిర్‌పాడ్స్ అమ్మకానికొచ్చాయి. ధైర్యానికి ధర కూడా కట్టారన్నమాట. దీన్ని చూసి శాంసంగ్ ప్రకటనలు తీసి మరీ వెక్కిరించింది. 2019లో నోట్ 10 వచ్చేసరికి తనకీ ధైర్యం పుట్టుకొచ్చింది.

కన్నం పోయాక డాంగిల్ అనే తోక వచ్చింది. ఈ తోకల్లో కులాలున్నాయి. ఒక జాతి తోకలో శబ్దాన్ని తయారుచేసే చిప్పు ఉంటుంది. రెండో జాతి తోకలో ఉత్త తీగే. శబ్దం ఫోనే తయారుచేసి పంపాలి. బయటికి రెండూ కవల పిల్లలు. పైన రాసి ఉండదు. అన్నయ్య ఫోనుకి వచ్చిన తోక తమ్ముడి ఫోనుకి పెడితే "ఈ పరికరం పనిచెయ్యదు" అంటుంది. మా సొరుగులో ఇప్పుడు ఐదు తోకలున్నాయి. ఏది ఏ జాతో గుర్తుపట్టడానికి మా ఆవిడ దారాలు కట్టింది. ఎర్ర దారం పనిచేస్తుంది, పచ్చ దారం పనిచెయ్యదు, మిగతావి దేవుడి దయ.

అయినా వదల్లేదు. పాత ఫోనొకటి బయటికి తీశాను, దానికి కన్నం ఉంది. ల్యాప్‌టాప్‌కీ ఉంది. ఒక కన్నంలోంచి రెండు హెడ్‌ఫోన్లకి పంచే పంగతీగ బస్టాండు దగ్గర కూడా దొరుకుతుంది కదా. (చూశారా, పంచడానికైతే బస్టాండులో కూడా సరుకుంటుంది.) దాన్ని తిరగేసి, రెండు కొమ్ముల్నీ రెండు పరికరాలకి గుచ్చి, తోక నా హెడ్‌ఫోనుకి తగిలించాను. రెండు నదులు కలిసినట్టు కలుస్తాయనుకున్నాను. రెండూ పీల గొంతులై, ఒకదాన్నొకటి కొరుక్కుంటున్నట్టు గరగరమన్నాయి. ల్యాప్‌టాప్ ఛార్జింగు పెట్టగానే అడుగున తుమ్మెద దూరినట్టు గుయ్యిమని ఒక శ్రుతి. ప్లగ్గు సగం ఊడితే ఇంకో విచిత్రం: పాటలో బాలు గొంతు మాయమై, వెనకాల తబలా, వేణువు మాత్రం మిగిలాయి. భూమి తీగ ఆనకపోతే ఎడమకీ కుడికీ మధ్య ఉన్న తేడా ఒక్కటే వినిపిస్తుంది. గాయకుడి గొంతు రెండు పక్కలా సమానంగా ఉంటుంది కాబట్టి అదే ముందు కొట్టుకుపోతుంది. రెండు పక్షాలకీ సమానంగా ఉన్నవాడి గతి మన రాజకీయాల్లో ఎలా ఉంటుందో ఇక్కడా అంతే.

సాఫ్ట్‌వేరు దారి కూడా ఉంది, నిజానికి మంచి దారే. విండోస్‌లో వాయిస్‌మీటర్ లాంటి బొమ్మ మిక్సర్లున్నాయి. 2020లో వచ్చిన విండోస్ 10 కూర్పు నుంచి ఫోన్లో పాటని బ్లూటూత్ మీదుగా కంప్యూటరే వినిపించగలదు. కాకపోతే నా కంప్యూటరు నాది కాదు, ఆఫీసుది. ఏది ఎక్కించాలన్నా అర్జీ పెట్టుకోవాలి. అర్జీలో "వ్యాపార అవసరం ఏమిటి?" అన్న గడి ఖాళీగా వదిలితే ముందుకి పోనివ్వదు. "చెవులు రెండే ఉన్నాయి" అని రాశాను. మర్నాడు తిరస్కరించారు, కారణం రాయలేదు. బహుశా ఒకటి చాలనుకుని ఉంటారు.

మా బావమరిది మళ్లీ వచ్చాడు, ఈసారి ఉపన్యాసంతో. మెదడు ఒకసారి ఒక్కటే వినగలదట, ఏకాగ్రత అలవర్చుకోవాలట, కంపెనీలు మన మంచికే ఇలా చేశాయట. కంపెనీల తరఫున ఉచితంగా వకాల్తా పుచ్చుకునేవాడు ప్రతి ఇంట్లో ఒకడుంటాడు. జీతమివ్వక్కర్లేదు, ఈఎంఐలో ఫోను ఇస్తే చాలు. నేను కొంచెం చదివే కూర్చున్నాను. 1953లో కోలిన్ చెర్రీ అనే ఇంగ్లీషాయన మనుషుల రెండు చెవుల్లో రెండు వేరు ప్రసంగాలు వినిపించి, ఒకదాన్ని మాత్రం తిరిగి పలకమన్నాడు. పట్టించుకోని చెవిలో ఇంగ్లీషు కాస్తా జర్మనుగా మారినా చాలామంది గుర్తుపట్టలేదు. బావమరిది కళ్లలో వెలుగు. కానీ మగ గొంతు పోయి ఆడ గొంతు వస్తే పట్టేశారు. ఈల లాంటి స్వరం మోగితే పట్టేశారు. 1959లో నెవిల్ మోరే అదే ప్రయోగంలో, పట్టించుకోని చెవిలో వాళ్ల సొంత పేరు పిలిపిస్తే, దాదాపు మూడోవంతు మంది ఉలిక్కిపడ్డారు. అంటే చెవికి వాకిట్లో కుక్కలాంటి కాపలా ఉంది. అది పడుకునే ఉంటుంది, కానీ యజమాని పేరు వినపడితే లేస్తుంది. నేనడిగేది ఆ కుక్కని వాకిట్లో ఉండనివ్వమనే. మీ మల్టీపాయింటు దాన్ని తలుపు బయట కట్టేసి, వీధిలో ఎవడు తుమ్మినా నన్ను మాత్రం నిద్ర లేపుతోంది.

అయినా ఒకసారి ఒక్కటే వినాలన్న నీతి తెలుగువాడికి చెబుతారా? తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి శతావధానాలు చేసిన గడ్డ ఇది. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. ఒకాయన సమస్య ఇస్తాడు. ఇంకొకాయన నాలుగు పొంతన లేని మాటలు పడేసి వాటితో పద్యం చెప్పమంటాడు. మరొకాయన అడుగడుక్కీ అక్షరం నిషేధిస్తాడు. ఒకరు మధ్య మధ్య గంట కొడుతుంటారు, ఎన్ని కొట్టారో చివర్లో లెక్క చెప్పాలి. అవధాని ఎవర్నీ నోరు మూసుకోమనడు. ఒక్కో ఆవృత్తంలో ఒక్కొక్కరికి ఒక్కో పాదం వడ్డిస్తూ వెళతాడు. అప్రస్తుత ప్రసంగి ఉంటాడు చూశారూ, సరిగ్గా పద్యం ఎత్తుకునే వేళకి "అయ్యా, తమరు ఇవాళ దోసె తిన్నారా, పెసరట్టా?" అని అడ్డం తగిలేవాడు, అతని మీద నాకు ఎప్పట్నుంచో అనుమానం. పద్యం మధ్యలో తల దూర్చి "బ్యాటరీ మీడియం" అనే ఆ ఆడ గొంతు అతని వంశమే. తేడా ఒక్కటే. అతనికి అవధాని జవాబిచ్చి నవ్వించి పంపిస్తాడు. ఈవిడకి జవాబిచ్చే వీల్లేదు.

దీనికి పరిష్కారం ఎప్పటి నుంచో ఉందని తెలిసిన రోజు నాకు నిజంగా ఒళ్లు మండింది. ఎక్కడుందంటే ఆకాశంలో. చిన్న విమానం నడిపే పైలట్ ముందు ఆడియో ప్యానెల్ అని ఒక పట్టీ ఉంటుంది. రేడియో ఒకటి, రేడియో రెండు, దారి చూపే నావిగేషను సంకేతాలు, పక్క సీటు మనిషి గొంతు, అన్నిటికీ వరసగా బొత్తాలు. ఎన్ని నొక్కితే అన్నీ ఒకే హెడ్‌సెట్లో కలిసి వినపడతాయి. దిగేటప్పుడు రన్‌వే ఎంత దూరమో చెప్పే మార్కర్ బీకన్లు కూడా అందులోనే కూస్తాయి. దూరంగా ఉన్నది 400 హెర్ట్జ్ మంద్రంలో గీతలు గీసినట్టు, మధ్యది 1,300లో గీతా చుక్కా కలిపి, దగ్గరిది 3,000లో కీచుమంటూ చుక్కలు చుక్కలుగా. మాటల మధ్య మాటని ఇరికించడం కాకుండా, మాటల కింద నుంచి కూత దూర్చాలని, ఆ కూతలు ఒకదానికొకటి పోలిక లేకుండా ఉండాలని ఎవరో కూర్చుని ఆలోచించారు. చెవి మీద గౌరవం ఉన్నవాళ్లు చేసే పని. ప్రాణాలు పోయే చోట అన్నీ వినపడాలన్నారు. ప్రాణాలు తోడేసే చోట మాత్రం ఒక్కటే వినమంటున్నారు.

విమానం కొనే స్తోమత లేక కోఠీకి వెళ్లాను. గుజరాతీ గల్లీ లోపలికి, ఆ పక్క సందులోకి, అక్కడి నుంచి మెట్లు. రేడియోలు బాగుచేసే ఒక పెద్దాయన టంకం పొగలో కూర్చుని ఉన్నాడు. తలెత్తకుండానే, "ఏం గావాలె సార్?" అన్నాడు. చెప్పాను. హరాల్డ్ రాజు దగ్గర మొదలెట్టబోతే చెయ్యెత్తి ఆపాడు.

"మూడు మిషన్ల సౌండు ఒక్క హెడ్‌ఫోన్ల రావాలె. గంతేనా?"

"అంతే."

"వైర్లు డైరెక్టు కలిపిండ్రా?"

తల దించుకున్నాను.

"కలిపితె కొట్లాడుకుంటయి సార్. ఇది పంపే కరెంటు హెడ్‌ఫోనుకు వోక దాంట్లకు వోతది, దానిది దీంట్లకు వస్తది. నడుమల ఒక పెద్దమనిషిని నిలవెట్టాలె."

పెద్దమనిషి అంటే రెసిస్టరు. గోధుమ, నలుపు, ఎరుపు పట్టీలున్నది, వెయ్యి ఓములు. మూడు పరికరాలకి ఎడమకొకటి కుడికొకటి చొప్పున ఆరు. అన్నీ కలిపి ఒక సిగరెట్టు ఖరీదు చెయ్యవు. పెద్దమనుషులు నడుమ నిలబడితే గొంతులు తగ్గుతాయి కాబట్టి, తగ్గినదాన్ని లేపడానికి చిన్న ఆంప్లిఫయరు, దానికి తొమ్మిది వోల్టుల బ్యాటరీ. టీవీ తీగలో గుయ్యిమనే తుమ్మెద కోసం చింతగింజంత ట్రాన్స్‌ఫార్మరు. ఒక్కో పరికరానికి ఒక్కో మీట, ఎవరెంత అరవాలో నేనే తేల్చుకోవడానికి. "మూడూ ఫుల్లు వెట్టకుండ్రి సార్, చెవులు వోతయి" అన్నాడు. ఆయన మాటలో లెక్క ఉంది. సమానమైన రెండు శబ్దాలు కలిస్తే 3 డెసిబెల్స్ పెరుగుతుంది, దాంతో చెవి భద్రంగా వినగల సమయం సగానికి పడిపోతుంది. 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలని ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత గీసింది. అంటే 83 దగ్గర 20 గంటలే. ఆ సంస్థ నివేదికంతా ఆయన ఒక్క ముక్కలో చెప్పి, టంకం ఊదుకున్నాడు.

అగ్గిపెట్టెకి అన్నలాంటి టిఫిను డబ్బాలో అంతా అమర్చి, మూత పెట్టబోతూ ఆగాడు.

"ఇంట్ల కుక్కరున్నదా సార్?"

"ఉంది."

"చెవులు మూసుకొని గూసుంటె విజిలు ఎట్ల ఇంటరు? బెల్లు గొడితె? మేడం పిలిస్తె?"

నేనింకా ఆలోచిస్తుండగానే నాలుగో కన్నం తొలిచి, పొడుగు తీగతో ఒక బుల్లి మైకు అతికించేశాడు. పద్దెనిమిది వేల వస్తువు చేసినవాళ్లెవరికీ మనిషికి ఇల్లు ఉంటుందని తట్టలేదు. అది గాలికి తిరిగే ఫ్యాను హోరుని శత్రువులా అణిచేస్తుంది, అంతవరకే దాని గృహజ్ఞానం. ఈయన తీసుకున్నది ఐదువందల చిల్లర. బిల్లు అడిగితే నవ్వాడు.

మర్నాడు పదకొండింటికి దర్బారు తీర్చాను. డబ్బా బల్ల మీద, మైకు భోజనాల బల్ల మీద. ల్యాప్‌టాప్‌లో క్లయింటుతో మీటింగు సన్నగా, దాని కింద బ్యాంకువారి వాయులీనం, ఆ కింద మ్యాచి, అన్నిటికీ అడుగున మా ఇంటి కుక్కరు. మూడో విజిలు చెవిలో స్పష్టంగా పడితే, హఠాత్తుగా మా అమ్మ గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. ముప్ఫై అయిదు నిమిషాలు సుఖంగా గడిచాయి. ఎవరూ నన్ను పిలవలేదు, ఏ వికెట్టూ పడలేదు.

ముప్ఫయ్యారో నిమిషంలో మేనేజరు నా పేరు పిలిచి, "ఈ ఎస్టిమేటు చూశారుగా, మీకేమనిపిస్తోంది?" అన్నాడు. ఆ మాట పూర్తికాకుండానే ఫోన్లో ఒక మనిషి, నిజం మనిషి, "చెప్పండి సార్, వడ్డీ విషయంలో మీ సమస్యేంటి?" అంది. స్టేడియం మొత్తం గొల్లుమంది. అదే క్షణంలో మా ఆవిడ, అరవక్కర్లేదని తెలిశాక మైకు దగ్గరికి వంగి ఆకాశవాణి అనౌన్సరులా మెల్లగా, "ఏమండీ, పొద్దున ఉప్మాలో ఉప్పు ఎలా ఉంది?" అంది.

నాలుగూ వినపడ్డాయి. నాలుగూ అర్థమయ్యాయి. నోరు ఒక్కటే ఉంది.

"కొంచెం ఎక్కువైంది" అన్నాను.

మేనేజరు ఎంత తగ్గించమంటారని క్లయింటు ముందే అడిగాడు. బ్యాంకావిడ, అది ఎక్కువ కాదు సార్, రివైజ్డ్ రేటు అంది. రాత్రికి వంట నేనే చేస్తున్నానని ఇంటి మైకులో ప్రకటన వెలువడింది. అవుటయ్యింది ఎవరో నలుగురిలో ఒక్కరూ చెప్పలేదు.